ఎర్ర తాళంచెవి

జీలండ్, మిషిగన్
ఏప్రిల్ 19

యోహానా,

నీ అన్న దీవెనలు. నీ భర్త వెర్న్‌ను మట్టికి అప్పగించి ఆరు వారాలు గడిచాయి. ఈ ఆరు వారాలలో నీ దగ్గర నుండి రెండు పంక్తుల కార్డు ఒక్కటే వచ్చింది. నా చెవులు పూర్తిగా మూతపడ్డాక ఫోను నాకు గోడతో సమానమని నీకు తెలుసు. కనుక నాన్నగారు నేర్పినట్టు కాగితం మీదనే మాట్లాడుకుందాం.

ముందు నీ గ్యారేజీలోని ఆ కారు సంగతి. ముప్ఫై నాలుగేళ్ళు కర్మాగారంలో ఇనుప అచ్చులు చెక్కి, పని విరమించిన నాడు వెర్న్ కొనుక్కున్న ఏడువందల గుర్రాల బలమున్న కారు. మజిల్ కారు అన్నాడు ఎంతో గర్వంగా. మనిషికి కండలుంటే పనికి వస్తాడు. కారుకు కండలెందుకో ఆనాడూ నాకు బోధపడలేదు, ఈనాడూ బోధపడదు. రథాల మీద, గుర్రాల మీద నమ్మకం పెట్టుకున్న రాజుల గతి ఏమైందో మన ఇంట్లో భోజనానికి ముందు రోజూ బైబిలులో చదువుకున్న వాళ్ళమే కదా.

నలభై ఏళ్ళు బడిపిల్లలకు లాటిన్ పద్యాలు చెప్పినవాడిని. గుణాలు ఒక వైపు, దోషాలు ఒక వైపు పెట్టి తూచకుండా ఏ తీర్పూ చెప్పకూడదని వారికి నేర్పాను. నీవూ ఆ కారును అలాగే తూచి నాకు వ్రాయి. చివరకు అమ్మివేస్తావనే నా ఆశ. అమ్మే ముందు లోపలంతా ఖాళీ చేసి చూసుకో. డిక్కీ అడుగున పరిచిన పలకను కూడా ఎత్తి చూడు. మనుషులు ఎక్కడెక్కడో ఏవేవో మరచిపోతుంటారు.

అంత్యక్రియల నాడు వెర్న్ స్నేహితులు పదిహేను కార్ల ఇంజన్లను ఒక్కసారిగా గర్జింపజేశారు. నాకు వినబడలేదు గాని పక్కటెముకలకు తగిలింది. ఆ తరువాత వాళ్ళ ఆచారం ప్రకారం నీవు ఆ ఎర్ర తాళంచెవిని వెర్న్ కోటు జేబులో పెట్టావు. మన సంఘంలో మృతుని వెంట ఏ వస్తువునూ పంపరు. అయినా నేనొక్క మాట అనలేదు. ఆ సంగతి గుర్తుంచుకో.

నీ అన్న,
గెరిట్

---

హేజల్ పార్క్, మిషిగన్
మే 17

అన్నయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మమన్న మాట ఒక్కసారే వ్రాసినా, ప్రతి పంక్తిలోనూ అదే వినిపించింది.

నిన్న కారును శీతాకాలపు నిద్ర నుండి లేపాము. లేపడమంటే చిన్న పని కాదు. వెర్న్ స్నేహితుడు డెల్రాయ్ పికెన్స్ వచ్చి సాయం చేశాడు. అంత్యక్రియల నాడు నీ చేతికర్ర పట్టుకొని నిన్ను మెట్లు దింపిన పొడుగాటి మనిషి, గుర్తున్నాడా? బ్యాటరీకి ఆరు నెలలకు పైగా తగిలించి ఉన్న తీగ విప్పాడు. ఎలుకలు దూరకుండా పొగ గొట్టాల్లో కుక్కిన ఇనుప పీచు లాగాడు. తరువాత నన్ను ఎక్కమన్నాడు.

గుణాలూ దోషాలూ అడిగావు కనుక మొదట దోషాలు చెబుతాను. వెనుక సీటు చూడడానికే గాని కూర్చోవడానికి కాదు. అక్కడ నా కూరగాయల సంచి కూడా ముడుచుకొని కూర్చుంటుంది. తలుపులు ఎంత పొడవంటే, అంగడి ముందు పక్క కారుకు తగలకుండా దిగాలంటే పామునై పుట్టాలి. వెనుక నుండి ఎవరు వస్తున్నారో కనబడదు. ముక్కు నేలను రాసుకుంటూ పోతుంది. పెట్రోలు తాగుతుంది, టైర్లు తింటుంది, బీమా వాడి ఉత్తరం చదవడానికి ధైర్యం కావాలి. వానలో కాలు కాస్త గట్టిగా ఆనితే వెనుక భాగం ముందుకు వస్తానంటుంది.

ఇక గుణాలు. అన్నయ్యా, ఆ బటన్ నొక్కగానే వచ్చే శబ్దాన్ని నీకు ఎలా చెప్పను? పక్కటెముకలకు తగిలిందన్నావు కదా, ఆ తగలడమే గుణం. భర్త పోయిన దానిని చూసి పక్కకు తప్పుకొనే జనం ఈ కారును చూసి దగ్గరకు వస్తున్నారు. పెట్రోలు బంకులో నిన్న ఒక ముసలాయన కన్నీళ్ళు పెట్టుకొని తన పాత కారు కథంతా చెప్పాడు. డెల్రాయ్ ఏమన్నాడో విను.

"పాస్టరు గారి కూతురివి, ఈ గోలేంటి వదినా! ఆదివారం చర్చికి దీన్లోనే వెళ్తావా ఏంటి?"

"వెళ్తే ఏం? నిద్రపోయేవాళ్ళు లేస్తారు."

"సమాధిలోంచి మీ నాన్నగారే లేస్తారేమో!"

నేను మార్చి తరువాత మొదటిసారి నవ్వాను.

ఒక్కటి మాత్రం అంతుపట్టలేదు. ఈ కారు తాళంచెవులు రెండు. తిప్పేవి కావు, జేబులో ఉంటే చాలు, ఎవరు వచ్చారో కారు గుర్తుపడుతుంది. నల్లది నాది. అది ఉంటే ఇంజను సగం బలమే ఇస్తుంది; సీటు నా పొట్టి కాళ్ళకు తగినట్టు ముందుకు, రెండో నంబరు చోటికి వస్తుంది. ఎర్రది వెర్న్‌ది. దానికి మొత్తం బలం, సీటు బాగా వెనక్కి, ఒకటో నంబరు చోటు. నిన్న నా సంచిలో నల్లదే ఉంది. నేను తలుపు తీయగానే సీటు వెనక్కి జరిగింది. ఆరడుగుల మూడంగుళాల మనిషి ఎక్కబోతున్నట్టు, నెమ్మదిగా, మర్యాదగా జరిగింది.

డెల్రాయ్ చూశాడు. టోపీ తీశాడు.

నీ చెల్లెలు,
యోహానా

---

జీలండ్
జూన్ 3

యోహానా,

యంత్రానికి జ్ఞాపకం ఉంటుంది, ఆత్మ ఉండదు. మునుపటి అమరికను అది మరవలేదు, అంతే. దీనికి టోపీలు తీయనక్కరలేదని ఆ మంచి మనిషికి చెప్పు.

నీవు తూచిన తీరు చూశాను. దోషాలు ఎనిమిది, గుణాలు రెండు. ఆ రెండింటిలో ఒకటి శబ్దం. చెవిటివాడికి శబ్దం గొప్పదనం చెప్పి ఒప్పించాలని చూసిన మొదటి వకీలువి నీవే. తీర్పు స్పష్టంగా ఉంది. అమ్మివేయి. కొనేవాడు దొరికేలోగా నడపకు.

డిక్కీ అడుగు పలక ఎత్తి చూడమన్నాను. చూశావా? ఆ సంగతి వ్రాయలేదు.

ఇక్కడ పియోనీ పూలు విరగబూశాయి. నీ వదిన ట్రూడీ నాటిన మొక్కలు. ఆమె పోయి నాలుగేళ్ళయినా అవి ఆమె చెప్పిన వేళకే పూస్తున్నాయి. ఇది మాత్రం జ్ఞాపకమా, ఆత్మా అని నీవు అడగవద్దు.

గెరిట్

---

హేజల్ పార్క్
ఆగస్టు 22

అన్నయ్యా,

డిక్కీ అడుగు పలక ఎత్తి చూశాను. శుభ్రంగా ఉంది. అక్కడ గాలి కొట్టే పంపు తప్ప వేరే ఏమీ లేదు.

మొన్న శనివారం వుడ్‌వర్డ్ రోడ్డు మీద ఏటేటా జరిగే కార్ల ఊరేగింపుకు వెళ్ళాను. పదహారు మైళ్ళ దారి, రెండు వైపులా కుర్చీలు వేసుకొని జనం. తాతలు మనవళ్ళకు ఇంజన్ల పేర్లు చెబుతున్నారు. నేను నల్ల తాళంచెవి మెడలో వేసుకొని, వెర్న్ టోపీ పెట్టుకొని, నత్తలా నడిపాను. ఎవరో ముసలమ్మ కుర్చీలోంచి అరిచింది: "ఏమమ్మోయ్, తొక్కవే! కాలు నొప్పా ఏంటి?"

తొక్కలేదు. ఎందుకంటే కారు తెరపై ఎర్ర గుర్తు వెలుగుతోంది. మొత్తం బలం విప్పి ఉందని అర్థం. నల్ల తాళంచెవితో ఆ గుర్తు రాదు. సీటు మళ్ళీ ఒకటో నంబరుకే పోయింది. ప్రతిసారీ నేనే చేత్తో ముందుకు జరుపుకుంటున్నాను. దిగి తాళం వేయబోతే వేసుకోదు. రెండుసార్లు హారన్ కొడుతుంది. లోపల ఎవరో తాళంచెవితో ఉన్నారని దాని హెచ్చరిక అది.

డెల్రాయ్ కంప్యూటరు తగిలించి ఉదయం నుండి మధ్యాహ్నం దాకా చూశాడు.

"ఎక్కడా తప్పు లేదు వదినా. ఎర్రది దగ్గర్లో ఉందంటోంది బండి."

"ఎర్రది ఎక్కడుందో నీకు తెలుసుగా."

"మట్టిలో ఉంది. నా కళ్ళతో చూశాను." కంప్యూటరు తీగ చుట్టుకుంటూ అన్నాడు: "వెర్న్ నాకు ఇరవై డాలర్ల రెంచి ఇవ్వాలి. లోపల ఉంటే అడుగు."

నవ్వించాలని అన్నాడు గాని తాను నవ్వలేదు. అప్పటి నుండి గ్యారేజీ లోపలికి రావడం లేదు, గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడుతున్నాడు.

నాకు మాత్రం భయం లేదు. ఉదయం కాఫీ తీసుకెళ్ళి పక్క సీటులో కూర్చుంటున్నాను. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఏ కారులోనైనా ఆయన పక్కన నేను కూర్చున్న చోటు అదే. కబుర్లు చెబుతున్నాను. కారును అమ్మను అన్నయ్యా. ఇక ఆ మాట వ్రాయవద్దు.

ఒకటి అడుగుతాను. ఆ రోజు చివరి ప్రార్థనకు పేటిక దగ్గర నిన్ను ఒంటరిగా వదిలి మేమందరం వాకిట నిలబడ్డాం. ఆ కాసేపటి గురించి నాకు చెప్పాలని నీకు అనిపించేది ఏదైనా ఉంటే, చెప్పు. వింటాను.

యోహానా

---

జీలండ్
సెప్టెంబరు 8

యోహానా,

ఆ కాసేపట్లో నేను ప్రార్థించాను. వెర్న్ ముఖం ప్రశాంతంగా ఉంది. అంతకంటే చెప్పవలసింది లేదు.

నీ ఉత్తరం నన్ను కలత పెట్టింది. మృతులు పక్క సీటు వారితో కబుర్లు ఆడరు. బైబిలులో వారితో మాట్లాడబోయిన రాజు ఒకడు మరునాడే చచ్చాడని నీకు నేను చెప్పనక్కరలేదు.

పలక ఎత్తి చూశానన్నావు. పంపు పక్కన, ఎడమ మూల, నల్లని మెత్త కిందికి చెయ్యి పెట్టి చూశావా? చిన్న వస్తువులు జారి అక్కడికి చేరతాయి. నా పిచ్చి అనుకో, ఇంకొకసారి చూడు. చూచేదాకా ఆ కారు ఎక్కకు. ఎక్కితే పాదం ఈక వలె ఆనించు.

నాకు నిద్ర సరిగా లేదు. వయస్సు.

గెరిట్

---

హేజల్ పార్క్
అక్టోబరు 27

అన్నయ్యా,

ఎడమ మూల, నల్లని మెత్త కింద, చెయ్యి పెట్టి చూశాను. ఏమీ లేదు.

మొన్న మంగళవారం ఉదయం ఎనిమిదింటికి రొట్టెల అంగడికి బయలుదేరాను. గడ్డి మీద తెల్లగా మంచు పొడి. శ్మశానం ముందరి కూడలిలో ఎర్ర దీపం పడితే ఆగాను. పచ్చ దీపం వచ్చింది. నీవు చెప్పినట్టే పాదం ఈక వలె ఆనించాను. ప్రమాణం చేస్తాను, అంతకంటే గట్టిగా ఆనించలేదు.

కారు నా కింద నుండి వెళ్ళిపోయింది. వెనుక భాగం కుడికి వచ్చింది, ఆకాశం పక్కకు జరిగింది, చెట్లు నా చుట్టూ మూడుసార్లు తిరిగాయి. ఎదురుగా వస్తున్న పాల బండి తోలేవాడి నోరు తెరుచుకొని ఉండడం చూశాను. అతని పళ్ళలో బంగారు పన్ను కూడా చూశాను. ఇంజను ఆగింది. కారు నిలబడింది. దానికీ నాకూ దెబ్బ లేదు. ముక్కు తిన్నగా శ్మశానం గేటుకు ఎదురుగా ఉంది. మూడో వరుసలో వెర్న్ రాయి కనబడుతోంది.

డెల్రాయ్ పరుగెత్తుకొని వచ్చాడు. అంత కోపంగా అతన్ని ఎప్పుడూ చూడలేదు.

"బుద్ధుందా వదినా? ఇవి వేసవి టైర్లు! ఈ చలికి ఇవి రబ్బరు కాదు, కొయ్య! ఈ కార్లవాళ్ళందరూ చచ్చేది ఇక్కడే, మొదటి మంచుకి! వెర్న్ అక్టోబరులో హాలోవీన్ పండక్కి ముందే బండికి దుప్పటి కప్పేవాడు!"

"ఆయన కప్పమనలేదు డెల్రాయ్. రమ్మంటున్నాడు."

అతను నా సంచి లాక్కొని నల్ల తాళంచెవి తీసుకోబోయాడు. ఇవ్వలేదు.

నాకు ఇక అర్థమైంది అన్నయ్యా. నవంబరు చివరి థాంక్స్‌గివింగ్ పండుగ విందుకు ఏటా నీ దగ్గరకు వస్తున్నాం కదా. ఈసారి కూడా వస్తాము, ఈ కారులోనే. మూడు గంటల దారి. టైర్లు మార్చను. ఆయన ఎటు తిప్పితే అటు. జీలండ్ చేరితే నీ చేతి కోడికూర తింటాను. చేరకపోతే ఆయన దగ్గర ఉంటాను. రెండూ నాకు సమ్మతమే.

యోహానా

---

జీలండ్
అక్టోబరు 31

యోహానా, చెల్లీ,

ఎక్కకు. ఈ ఉత్తరం చివరిదాకా చదివే వరకు ఆ కారు తలుపు కూడా ముట్టుకోకు.

రమ్మంటున్నది వెర్న్ కాదు. ఎర్ర తాళంచెవి వెర్న్ దగ్గర లేదు. అది నీ కారులోనే ఉంది. అక్కడ పెట్టింది నేను.

మీరందరూ వాకిట నిలబడ్డప్పుడు నేను ప్రార్థన సగంలో ఆపి, వెర్న్ కోటు జేబులో చెయ్యి పెట్టాను. అరవై ఏళ్ళుగా దేవుని వాక్యం పుటలు తిప్పిన చెయ్యి అది. తాళంచెవిని నా చేతిరుమాలులో చుట్టి లోపలి జేబులో వేసుకున్నాను. శ్మశానం నుండి వచ్చాక, చేతికర్ర మరచిపోయానన్న నెపంతో నీ గ్యారేజీలోకి వెళ్ళి, దుప్పటి ఎత్తి, కారు డిక్కీ తెరిచి, అడుగు పలక కింద, ఎడమ మూల పెట్టాను. మూయగానే కారు హారన్ కొట్టి ఉంటుంది, లోపల తాళంచెవి ఉందని. నీ ఉత్తరం చదివాకే ఆ సంగతి తెలిసింది. ఆనాడు నాకు వినబడలేదు.

అమ్మేటప్పుడు నీకే దొరుకుతుంది, ఎలా వచ్చిందో తెలియక నీవే ఏదో అనుకుంటావు, నేను చెప్పవలసిన పని ఉండదు అనుకున్నాను. అందుకే అమ్ము, అమ్ము అని వ్రాశాను. నా గుణదోష విచారణంతా అబద్ధం. నేను తూచింది నీ కారును కాదు, నా పిరికితనాన్ని.

ఎందుకు తీశానో కూడా చెప్పాలి. సంఘం నియమం అని నాకు నేను చెప్పుకున్నాను. అది కాదు. ట్రూడీ పోయేముందు తన ఉంగరం తీయవద్దని అడిగింది. నియమం నియమమే అని తీశాను. అది నా బల్ల సొరుగులో ఉంది. వెర్న్ జేబులోకి నీవు ఆ ఎర్ర ముక్కను అంత ప్రేమగా జార్చడం చూసి ఓర్వలేకపోయాను. నా భార్యకు దక్కనిది ఇతనికి ఎందుకు దక్కాలి అనుకున్నాను. ఇదీ నా నలభై ఏళ్ళ పాండిత్యం.

అది అక్కడే ఉంది. పెట్టినవాడిని నేను చెబుతున్నాను. పలకను పూర్తిగా పీకించి చూడు. అది దొరికితే సీటు ఎందుకు జరిగిందో, బలం ఎందుకు విప్పుకుందో అన్నీ తెలుస్తాయి. మంచు మీద కారు తిరగడానికి టైర్లు చాలు. ఆ బలాన్ని వాటి మీదికి వదిలింది నా చెయ్యి. నీవు చచ్చి ఉంటే చంపింది నేను.

నన్ను క్షమించనక్కరలేదు. కారు మాత్రం ఎక్కకు.

గెరిట్

---

హేజల్ పార్క్
నవంబరు 9

అన్నయ్యా,

నీ ఉత్తరం చేరింది. కారును రోడ్డెక్కించలేదు. ఇక చదువు.

జూన్‌లో నీవు రెండోసారి డిక్కీ సంగతి అడిగిన నాడే పలక ఎత్తాను. ఎడమ మూల నీ చేతిరుమాలు ఉంది. మూలన నీలం దారంతో గోధుమ కంకి. ట్రూడీ వదిన కుట్టు నేను గుర్తుపట్టనా? విప్పి చూశాను. మొదట కోపం వచ్చింది. తరువాత నీవే చెబుతావులే అనుకున్నాను. ఆగస్టులో అడిగాను కూడా. ప్రార్థించానన్నావు.

ఆ తాళంచెవిని జూన్ పదిహేనున వెర్న్‌కు తిరిగి ఇచ్చేశాను. డెల్రాయ్ పార తెచ్చాడు. దాని లోపలి బ్యాటరీ బిళ్ళను అతనే ఊడదీసి తన జేబులో వేసుకున్నాడు. తడికి ఉబ్బి పాడవుతుందన్నాడు. మిగిలినది బిస్కట్ల డబ్బాలో పెట్టి, రాయి పక్కన మోచేతి లోతున పూడ్చాము. మట్టిలో ఉంది, నా కళ్ళతో చూశాను అని అతను చెప్పింది ఆ గుంటనే. నీకు నేను అబద్ధం వ్రాయలేదు. నీలాగే కొంత వ్రాయలేదు, అంతే.

ఇప్పుడు లెక్క చూసుకో. మేలో సీటు జరిగిందంటే నీ చేతి పని. ఆగస్టులో వెలిగిన ఎర్ర గుర్తు, వేసుకోని తాళం, రెండుసార్లు కొట్టిన హారన్, అక్టోబరులో మంచు మీద విప్పుకున్న బలం: అప్పుడు కారులో ఏ ఎర్ర తాళంచెవీ లేదు. నిన్న డెల్రాయ్ చేత గుంట తవ్వించి మళ్ళీ చూశాను. డబ్బా డబ్బాలాగే ఉంది. లోపల తాళంచెవి ఉంది. బిళ్ళ లేదు, అది లేనిదే తాళంచెవి కారుకు కబురు పంపలేదు. అతను మూత వేసి, మట్టి కప్పి, చాలాసేపు మోకాళ్ళ మీదే ఉన్నాడు.

థాంక్స్‌గివింగ్‌కు ఆ కారులో వస్తానని నీ నోరు తెరిపించడానికి వ్రాశానని అనుకోకు. నిజంగానే బయలుదేరాలనుకున్నాను.

నీ ఉత్తరాన్ని గ్యారేజీలో, పక్క సీటులో కూర్చొని చదివాను. పైకి చదివాను, ఆయనకూ వినబడాలని. ట్రూడీ వదిన ఉంగరం సంగతి రెండుసార్లు చదివాను. అంతా అయ్యాక దిగి, నడిపేవారి వైపుకు వచ్చి, తలుపు తీశాను.

సీటు ముందుకు వచ్చింది. రెండో నంబరుకు. నా చోటుకు.

బటన్ నొక్కాను. తెరపై ఎర్ర గుర్తు లేదు. ఆపి, దిగి, తలుపు వేశాను. తాళం టక్కున పడింది. హారన్ కొట్టలేదు. నాలుగు రోజులుగా రోజూ చూస్తున్నాను. అంతా పుస్తకంలో వ్రాసినట్టే పని చేస్తోంది. డెల్రాయ్ లోపలికి వచ్చి, బానెట్ మీద చెయ్యి వేసి, "బండి బాగుపడింది వదినా" అన్నాడు.

ఆయన ఎందుకు ఉన్నాడో తెలిసింది అన్నయ్యా. నీవు చెప్పే దాకా ఉన్నాడు. నీవు చెప్పావు. నేను బతికాను. ఆయన వెళ్ళిపోయాడు.

నీ మీద కోపం లేదు. విందుకు డెల్రాయ్ ట్రక్కులో వస్తాను. అతని కోసం కూడా కంచం పెట్టు, బాగా తింటాడు. ఉంగరం సొరుగులోంచి తీసి ఉంచు. నేల గడ్డకట్టక ముందే వదినకు ఇచ్చేద్దాం, అతని పార ఎలాగూ ట్రక్కులో ఉంటుంది.

ఈ ఉదయం కారును నిద్రపుచ్చాము. బ్యాటరీకి తీగ తగిలించాము, గొట్టాల్లో ఇనుప పీచు కుక్కాము. దుప్పటి కప్పే ముందు డెల్రాయ్‌ను కాసేపు బయట ఉండమని, నేను లోపల కూర్చున్నాను. తలుపు పక్కన ఉండే ఒకటో నంబరు బటన్‌ను నా వేలితో నేనే నొక్కాను. సీటు నన్ను తీసుకొని నెమ్మదిగా వెనక్కి జరిగింది. కాళ్ళు దేనికీ అందలేదు. అలాగే కూర్చున్నాను, డెల్రాయ్ తలుపు తట్టేదాకా.

నీ చెల్లెలు,
యోహానా